అనాథ బిడ్డ ఏ సంఘపు బిడ్డ? ఆర్థడాక్స్ మఠాలు, క్యాథలిక్కులతో వాటి పేచీ

మీరు అడిగినవి రెండు. రష్యా, ఉక్రెయిన్, సెర్బియా వంటి దేశాలలో ఆర్థడాక్స్ సన్యాసినుల మఠాలు అనాథ పిల్లలను చేరదీస్తాయని చదివారు. మన దగ్గర క్యాథలిక్ కన్యాస్త్రీలు చేసేదీ అదే పని కాబట్టి, కనీసం ఈ పిల్లల విషయంలోనైనా రెండు సంఘాలూ కలిసి పనిచేయలేవా అన్నది మొదటి ప్రశ్న. కేరళలోని ఆర్థడాక్స్ వారికి కూడా ఈ తగాదాలో భాగం ఉందా అన్నది రెండవది. తూర్పు క్రైస్తవ సంఘాల చరిత్రను చాలా ఏళ్లుగా చదువుతూ, కొంతకాలం బోధిస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసినంత చెబుతాను. అనాథల సేవ ఈ రెండు సంఘాలను దగ్గర చేయవలసిన విషయమని మీరు భావిస్తున్నారు. చరిత్రలో చాలాసార్లు జరిగింది దీనికి తలకిందులు. పోపును అంగీకరించే పడమటి క్యాథలిక్ సంఘం, అంగీకరించని తూర్పు ఆర్థడాక్స్ సంఘం 1054లో విడిపోయాయని అంటారు. పోపు అధికారం గురించి, విశ్వాస ప్రమాణంలోని ఒక పదం గురించి పండితులు తర్కించుకోవడం ఒక ఎత్తు. తల్లిదండ్రులు లేని బిడ్డకు ఏ పద్ధతిలో సిలువ గుర్తు వేసుకోవడం నేర్పాలన్నది మరొక ఎత్తు. పెంచినవారి మతమే బిడ్డ మతం అవుతుంది కనుక, పేచీ పదునెక్కింది రెండవ చోటనే.

కాన్వెంటు అనగానే మనకు ఇంగ్లీషు మీడియం బడి గుర్తుకు వస్తుంది. ఆ మాటకు తెలుగునాట ఆ అర్థం స్థిరపడటానికి క్యాథలిక్ కన్యాస్త్రీలు నడిపిన బడులే కారణం. 1904లో నెదర్లాండ్స్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. కన్యాస్త్రీల వంటివారు ఒక ప్రత్యేక సభకు, అంటే ఒకే నియమం కింద బతుకుతూ ఒకే పని చేసే కన్యాస్త్రీల సంస్థకు చెందినవారు. చదువు చెప్పడం, రోగులకు సేవ చేయడం అన్నవి ఆ సభ పుట్టుకలోనే ఉన్న ఉద్దేశాలు. 1633లో ఫ్రాన్సులో విన్సెంట్ డి పాల్, లూయీజ్ ద మారియాక్ స్థాపించిన సేవా కన్యల సభ మొదలుకొని క్యాథలిక్ సంఘంలో ఇటువంటి సభలు వందల సంఖ్యలో పుట్టాయి. ఒక దేశంలో ఉన్న ప్రధాన గృహం మరొక ఖండానికి కన్యాస్త్రీలను పంపగలదు, డబ్బు పంపగలదు, బదిలీలు చేయగలదు. ఆర్థడాక్స్ సంఘంలో ఈ ఏర్పాటు లేదు. అక్కడ సభలు లేవు, మఠాలే ఉన్నాయి. సాధారణంగా ప్రతి మఠం తన ప్రాంతపు బిషప్పు కింద తనకు తానుగా నిలబడుతుంది. సన్యాసిని మొదటి పని ఆరాధన. తెల్లవారకముందే మొదలై సాయంత్రం దాకా విడతలు విడతలుగా సాగే ఆ ప్రార్థనల మధ్య మిగిలిన వేళల్లో చేసే ప్రతి పనినీ, అది పశువుల పాక కావచ్చు, వంటిల్లు కావచ్చు, కొవ్వొత్తుల తయారీ కావచ్చు, మఠాధ్యక్షురాలు అప్పగించిన ‘విధేయత’ అంటారు. పిల్లల పెంపకం కూడా అటువంటి ఒక విధేయతే. అందుకే ఆర్థడాక్స్ మఠంలో శరణాలయం ఉండటం, ఉండకపోవడం చాలావరకు ఆ మఠాధ్యక్షురాలి మనసును బట్టి ఉంటుంది. ఆమె పోతే శరణాలయం మూతపడిన సందర్భాలూ ఉంటాయి.

అయితే ఇది నిన్నమొన్నటి అలవాటు కాదు. నాలుగవ శతాబ్దంలో కైసరయ బిషప్పు బసీలు రాసిన మఠ నియమాలలో ఈ విషయం స్పష్టంగా ఉంది. తల్లిదండ్రులు లేని పిల్లలను మఠం తనంతట తానే చేర్చుకొని వారికి తండ్రి కావాలి. తల్లిదండ్రులు ఉన్నవారిని మాత్రం వారే తీసుకువచ్చినప్పుడు పలువురి సాక్ష్యంలో స్వీకరించాలి. ఎవరి చేతా తెలివి వచ్చేదాకా సన్యాస వ్రతం చేయించకూడదు. సాక్షులు ఎందుకంటే, పిల్లలను ఎత్తుకుపోయారన్న నింద రాకూడదని. పదహారు వందల ఏళ్ల కిందటనే ఆ అనుమానానికి తావు ఉండేదన్నమాట.

రష్యాలో ఈ సేవకు పేరు మోసినది మాస్కోలోని మార్త–మరియల మఠం. 1905లో భర్త సెర్గేయ్ అలెగ్జాండ్రొవిచ్ బాంబు దాడిలో హతుడైన తరువాత గ్రాండ్ డచెస్ ఎలిజబెత్ తన నగలు అమ్మి 1909లో దానిని నెలకొల్పింది. ఆసుపత్రి, ఉచిత భోజనశాల, అనాథ బాలికల నివాసం అన్నీ అందులో ఉండేవి. ఖిత్రోవ్కా బస్తీలోని దొంగల స్థావరాల లోపలికి ఆమె స్వయంగా వెళ్లి పిల్లలను వెంట తీసుకువచ్చేది. ఆమె జన్మతః జర్మన్ లూథరన్, 1891లో ఆర్థడాక్స్ విశ్వాసం స్వీకరించింది. మఠంలోని సోదరీమణులకు ప్రాచీన సంఘంలో ఉండిన ‘డీకనెస్’ (స్త్రీ పరిచారకురాలు) పదవిని పునరుద్ధరించాలని ఆమె కోరినప్పుడు, ఇది ప్రొటెస్టెంటు పోకడ అని కొందరు బిషప్పులు అడ్డుపడ్డారు. పిల్లలకు అన్నం పెట్టడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ పని చేసే స్త్రీల సంస్థ పడమటి వాసన వేయకూడదన్నదే పట్టుదల. 1918లో బోల్షెవిక్కులు ఆమెను అలపాయెవ్స్క్ దగ్గర పాత గని గుంటలో పడవేసి చంపారు.

ఇక మీ ప్రశ్నకు నేరుగా తగిలే మఠం మరొకటి ఉంది. దాని సంగతి కొంచెం విస్తరించి చెప్పాలి.

నేటి పోలండు తూర్పు అంచున, బెలారస్ సరిహద్దుకు దగ్గరలో, లెస్నా అనే పల్లె ఉంది. 1683లో అక్కడి పశువుల కాపరులకు ఒక బేరి చెట్టు మీద రాతిపై చెక్కిన మరియమాత చిత్రం కనిపించిందని ఐతిహ్యం. దానిని మొదట పక్క గ్రామంలోని తూర్పు ఆరాధన జరిగే గుడిలో ఉంచారనీ, క్యాథలిక్కులు తరువాత తీసుకుపోయారనీ ఆర్థడాక్స్ వారు చెబుతారు. అది మొదటి నుంచీ తమదేనని క్యాథలిక్కులు అంటారు. ఏమైనా, 1727 నుంచి ఆ క్షేత్రం పౌలైన్ సన్యాసుల అధీనంలో, అంటే క్యాథలిక్కుల చేతిలో ఉంది. ఆ ప్రాంతం రష్యా సామ్రాజ్యంలో కలిసిన తరువాత 1863లో పోలిష్ ప్రజలు తిరగబడ్డారు. తిరుగుబాటును అణచివేసిన ప్రభుత్వం 1864లో పౌలైన్ల మఠాన్ని మూసివేసింది. తరువాత చర్చిని ఆర్థడాక్స్ వారికి అప్పగించింది.

ఆ చుట్టుపక్కల పల్లెలలో ఎక్కువమంది యూనియేట్లు. ఈ మాట తెలియకపోతే తక్కిన కథ అర్థం కాదు. 1596లో బ్రెస్త్ పట్టణంలో కుదిరిన ఒప్పందం ప్రకారం, తూర్పు ఆరాధన పద్ధతిని, వివాహితులైన గురువులను, తమ పండుగల పట్టికను యథాతథంగా ఉంచుకొని, పోపు అధికారాన్ని మాత్రం అంగీకరించినవారు యూనియేట్లు. చూడటానికి ఆర్థడాక్స్, లెక్కకు క్యాథలిక్. ఆర్థడాక్స్ వారి దృష్టిలో వీరు మోసంతో విడదీయబడిన తమ బిడ్డలు; క్యాథలిక్కుల దృష్టిలో ఇల్లు చేరిన సోదరులు. 1874 జనవరిలో లెస్నాకు ఎంతో దూరం కాని ప్రతులిన్ గ్రామంలో, తమ గుడిని ఆర్థడాక్స్ గురువుకు అప్పగించబోమని అడ్డు నిలిచిన యూనియేట్ రైతుల మీద రష్యా సైనికులు కాల్పులు జరపగా 13 మంది చనిపోయారు. రోము 1996లో వారిని ధన్యులుగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడు, 1875లో, ఆ ప్రాంతపు ఖోల్మ్ యూనియేట్ మేత్రాసనమే (బిషప్పు పాలన కింది ప్రాంతమే) రద్దయింది. నిన్నటిదాకా యూనియేట్లయిన లక్షలాది రైతులు ఒక్క కలంపోటుతో ఆర్థడాక్స్ విశ్వాసులయ్యారు, కాగితం మీద.

అటువంటి నేల మీదికి 1885లో కౌంటెస్ యెవ్‌గేనియా యెఫిమోవ్‌స్కయా వచ్చింది. ఖోల్మ్–వార్సా ఆర్చిబిషప్ లియోంతీ ఆమెను పిలిచాడు. ఆప్తినా మఠపు వృద్ధ గురువు అంబ్రోసీ ఆశీర్వదించి పంపాడు. ఆమె వెంట వచ్చినవారు ఐదుగురు సోదరీమణులు, ఇద్దరు అనాథ బాలికలు. ఆ ఇద్దరు బాలికలు నాకు ఎప్పుడూ ముఖ్యమని తోస్తుంది; మఠానికి గోడలు లేవక ముందే అందులో అనాథలు ఉన్నారు. యెకతెరీనా అన్న పేరుతో మఠాధ్యక్షురాలైన ఈమె బాగా చదువుకున్న స్త్రీ. ప్రార్థనతో సరిపెట్టుకోక, జనం మధ్య పనిచేసే మఠం కావాలన్నది ఆమె సంకల్పం. పొలాలు, బడులు, ఉపాధ్యాయినుల శిక్షణ, వైద్యం, శరణాలయం అన్నీ సమకూరి, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వందల సంఖ్యలో సన్యాసినులు, వందల సంఖ్యలో పిల్లలు ఉండే పెద్ద ఊరులా లెస్నా పెరిగింది. వీరోవ్, రదెచ్‌నిత్సా, తియోలిన్, రుజనీస్తోక్ వంటి చోట్ల శాఖా మఠాలు వెలిశాయి.

ఆ పిల్లలకు జరిగిన మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. పేద రైతుల ఆడపిల్లకు అక్షరం, వృత్తి, మూడు పూటలా తిండి దొరకడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అయితే ఆ మఠాన్ని అక్కడే పెట్టడానికి కారణం అనాథల సంఖ్య కాదు. బలవంతాన ఆర్థడాక్స్ ముద్ర పడిన పల్లెలలో ఆ ముద్రను మనసుల మీద కూడా వేయాలి. దానికి సైనికులు పనికిరారని ప్రతులిన్‌లో తేలిపోయింది. సన్యాసినులు, బడి, శరణాలయం పనికివస్తాయి. కౌంటెస్ మనసులో కరుణ ముందో, సంఘ విస్తరణ ముందో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు, బహుశా ఆమె తరమూ కాదు. పోలిష్ క్యాథలిక్కులు మాత్రం ఆ ఆవరణలో తమ చర్చిని, తమ మరియమాతను, తమ బిడ్డలను పరాయివారు తీసుకోవడాన్నే చూశారు. 1905లో జారు ప్రభుత్వం మతసహన శాసనం ఇచ్చి, ఆర్థడాక్స్ సంఘాన్ని వదిలి వెళ్లడం నేరం కాదన్న వెంటనే ఖోల్మ్ ప్రాంతంలోని మాజీ యూనియేట్లు లక్షకు మించి రోమన్ క్యాథలిక్ సంఘంలో చేరిపోయారు. ఇరవై ఏళ్ల శ్రమ తరువాత లెస్నా మఠం ఆ దృశ్యాన్ని కళ్లారా చూసింది.

1915లో జర్మన్ సైన్యం ముందుకు వస్తుంటే సన్యాసినులు పిల్లలను, మరియమాత చిత్రాన్ని వెంటబెట్టుకొని పెట్రోగ్రాడుకు (సెయింట్ పీటర్స్‌బర్గ్) తరలిపోయారు. యుద్ధం ముగిసి పోలండు స్వతంత్రమైన తరువాత లెస్నాకు పౌలైన్ సన్యాసులు తిరిగి వచ్చారు. రుజనీస్తోక్ మఠం పూర్వం డొమినికన్లదే కాబట్టి అదీ క్యాథలిక్కుల చేతికి వచ్చింది. 1919లో అక్కడ సలేషియన్లు అనే క్యాథలిక్ సభవారు దిగారు. 1922లో ఇటలీ నుంచి లౌరా మెయోజ్జీ నాయకత్వంలో వచ్చిన సలేషియన్ కన్యాస్త్రీలు పోలండులో తమ మొదటి కార్యాన్ని ప్రారంభించింది అక్కడే. ఆ కార్యం ఏమిటంటే, యుద్ధంలో దిక్కులేనివారైన పిల్లలకు శరణాలయం. ఆర్థడాక్స్ సన్యాసినులు ఉండిన ప్రాంగణంలోనే క్యాథలిక్ కన్యాస్త్రీలు, అదే రకం పిల్లలకు అన్నం పెట్టారు. మన వాళ్లకు ఈ సలేషియన్లు కొత్తవారు కారు. 1989 నుంచి విజయవాడలో రైల్వే ప్లాట్‌ఫారాల మీది పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ నడుపుతున్నవారు ఈ సభవారే. ప్రాంగణాలు చేతులు మారడం ఒక్కటే చూస్తే ఇది ప్రతీకారంలా కనిపిస్తుంది. కానీ ఆ పిల్లల వైపు నుంచి చూసినప్పుడు, ఎవరి గుడి గంట మోగితే నిద్ర లేచారన్నది తప్ప పెద్ద తేడా ఉండి ఉండదని నా అనుమానం.

లెస్నా సన్యాసినుల సంగతి ఇక్కడితో అయిపోలేదు. విప్లవంలో పెట్రోగ్రాడు నుంచి బెస్సరేబియాకు (నేటి మొల్దోవా ప్రాంతం), అక్కడి నుంచి 1920లో సెర్బియాకు చేరుకున్నారు. ఫ్రుష్కా గోరా కొండలలోని హోపోవో మఠం వారికి దక్కింది. ఆరాధన ఏర్పాటుతో పాటు మళ్లీ శరణాలయం తెరిచారు. ఈసారి వచ్చిన పిల్లలు విప్లవం వల్ల దేశం విడిచిన రష్యన్ కుటుంబాల పిల్లలు. ఇక్కడ గెలుచుకోవలసిన యూనియేట్ పల్లెలు లేవు, వెనుక జారు ప్రభుత్వమూ లేదు. వీరూ పిల్లలూ అందరూ దిక్కులేనివారే. 1925లో యెకతెరీనా అక్కడే కన్నుమూసింది. సెర్బియాలో దాదాపు అంతరించిన స్త్రీల సన్యాసం మళ్లీ చిగురించడానికి ఈ హోపోవో మఠమే మూలమైంది. నా అభిప్రాయంలో, ఈ మఠం చరిత్రలో మచ్చలేని కాలం అంటూ ఉంటే అది ఈ ఇరవై ఏళ్లే.

1941లో యుగొస్లావియా కూలిపోయి ఉస్తాషాలు అనే క్రొయేషియా ఫాసిస్టుల స్వతంత్ర క్రొయేషియా రాజ్యం ఏర్పడింది. ఫ్రుష్కా గోరా అందులో చేరింది. ఆర్థడాక్స్ సెర్బులను చంపడం, వెళ్లగొట్టడం, బలవంతంగా క్యాథలిక్కులను చేయడం ఆ రాజ్య విధానం. 1942లో లెస్నా సన్యాసినులు హోపోవో వదిలి బెల్‌గ్రేడ్ చేరవలసి వచ్చింది. ఆ ఏడే కోజరా పర్వత ప్రాంతంలో జరిపిన సైనిక దాడుల తరువాత తల్లులను కార్మిక శిబిరాలకు పంపి, వేలాది సెర్బు పిల్లలను విడిగా నిర్బంధించారు. యాస్త్రెబర్స్కో అన్న చోట పిల్లల శిబిరాన్ని నడిపినవారు క్యాథలిక్ కన్యాస్త్రీలు. అక్కడ ఆకలికి, అంటురోగాలకు చనిపోయిన పిల్లలు వందల్లో ఉన్నారు. బతికినవారిని క్యాథలిక్ క్రొయేషియన్లుగా తీర్చిదిద్దడం ఉద్దేశం. అదే రాజ్యంలో, ఇన్స్‌బ్రుక్‌లో పుట్టి జాగ్రెబ్‌లో సెర్బు వైద్యుని భార్యగా స్థిరపడిన డయానా బుదిసావ్లియెవిచ్, శిబిరాల నుంచి పది వేలకు పైగా పిల్లలను బయటికి తెచ్చింది. బయటికి తెచ్చిన పిల్లలలో చాలామందికి ఆశ్రయమిచ్చినవి క్యాథలిక్ కుటుంబాలే. ఏ బిడ్డ ఎవరి బిడ్డో తరువాత తేలాలని ఆమె దాదాపు పన్నెండు వేల పేర్లతో కార్డులు రాసి పెట్టింది. 1945లో కొత్త ప్రభుత్వపు రహస్య పోలీసులు వాటిని పట్టుకుపోయారు. ఇంటిపేరు మారి, మతం మారి, తాము ఎవరో తెలియకుండానే పెరిగిన పిల్లలు ఎందరో.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, క్యాథలిక్ కన్యాస్త్రీల చేతిలో ఆర్థడాక్స్ అనాథ అన్న మాట వినగానే సెర్బులకు గుర్తుకు వచ్చేది యాస్త్రెబర్స్కో. ఆర్థడాక్స్ మఠపు శరణాలయం అనగానే తూర్పు పోలండు క్యాథలిక్కులకు గుర్తుకు వచ్చేది రష్యా పాలన. జాగ్రెబ్ ఆర్చిబిషప్ స్తెపినాత్స్ ఆ యుద్ధకాలంలో ఏం చేశాడు, ఏం చేయలేదు అన్న ప్రశ్న మీద 2016–17లో పోపు ఫ్రాన్సిస్ రెండు సంఘాల సభ్యులతో ఒక ఉమ్మడి కమిషన్ వేశారు. ఆరుసార్లు కూర్చున్నా ఏకాభిప్రాయం కుదరలేదు.

మరి నియమాల మాట ఏమిటి? క్యాథలిక్ సంఘం ఆర్థడాక్స్ జ్ఞానస్నానాన్నీ (బాప్తిస్మాన్నీ), ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసమైన దివ్యసత్ప్రసాదాన్నీ చెల్లుబాటు అయ్యేవిగానే గుర్తిస్తుంది. తూర్పు సంఘ సభ్యుడు తనంతట తాను కోరితే క్యాథలిక్ గురువు అతనికి పాప సంకీర్తనం (పాపాల ఒప్పుకోలు, క్షమాపణ), సత్ప్రసాదం ఇవ్వవచ్చునని 1983 నాటి క్యాథలిక్ సంఘ చట్టంలోని 844వ నిబంధన అంటుంది. అదే చట్టంలో 870వ నిబంధన ప్రకారం, దొరికిన బిడ్డకు అంతకుముందే జ్ఞానస్నానం జరిగిందని జాగ్రత్తగా విచారించి నిర్ధారించుకుంటే తప్ప, జ్ఞానస్నానం ఇవ్వాలి. చూశారా, బిడ్డ ఎవరన్నది తెలియని చోట బిడ్డను తమ వైపు చేర్చుకోవడమే అక్కడ సహజం. ఆర్థడాక్స్ వారిలో ఒకే మాట లేదు. 1667 నాటి మాస్కో మహాసభ క్యాథలిక్కులకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వనవసరం లేదన్నది. 1755లో కాన్‌స్టాంటినోపుల్ పేత్రియార్కు, అంటే అక్కడి ఆర్థడాక్స్ సంఘపు పెద్ద, ఇవ్వాలన్నాడు. రష్యా సంఘం 1969లో అవసరంలో ఉన్న క్యాథలిక్కులకు సత్ప్రసాదం ఇవ్వవచ్చని అనుమతించి, 1986లో ఆ అనుమతిని నిలిపివేసింది. అంటే క్యాథలిక్ ఇంట పుట్టిన అనాథ ఆర్థడాక్స్ మఠానికి చేరితే ఆ బిడ్డను ఎలా స్వీకరించాలన్నది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి, ఒక్కోసారి బిషప్పును బట్టి మారుతుంది.

1054లో పరస్పరం వేసుకున్న బహిష్కారాలను పోపు ఆరవ పౌలు, పేత్రియార్కు అథెనాగొరాస్ 1965 డిసెంబరు 7న రద్దు చేసుకున్న సంగతి అందరూ రాస్తారు. పిల్లల విషయానికి నిజంగా పనికివచ్చిన పత్రం అది కాదు, 1993లో లెబనాన్‌లోని బాలమంద్‌లో ఉమ్మడి వేదాంత కమిషన్ వెలువరించినది. యూనియేట్ పద్ధతి ఐక్యతకు మార్గం కాదనీ, ఒక సంఘపు విశ్వాసులను మరొక సంఘంలోకి లాక్కోవడం క్యాథలిక్ సంఘ సేవాకార్యాల ఉద్దేశం కాదనీ అందులో ఉంది. మాట రాసుకోవడం తేలిక. సోవియట్ యూనియన్ కూలిన తరువాత రష్యా వీధులలో పిల్లలు నిండిపోయారు. క్యాథలిక్ సభలు వచ్చి వారి కోసం గృహాలు తెరిచాయి. వారిలో ఆర్థడాక్స్ జ్ఞానస్నానం పొందినవారు, పొందవలసినవారు ఉన్నారని మాస్కో అభ్యంతరం చెప్పింది. 2002లో రోము రష్యాలో నాలుగు మేత్రాసనాలను ప్రకటించడంతో తగాదా ముదిరింది. 2004లో రోము తరఫున కార్డినల్ కాస్పర్ మాస్కో వెళ్లి వచ్చాక ఒక ఉమ్మడి కార్యవర్గం ఏర్పడింది. దాని ముందుకు వచ్చిన ఫిర్యాదులలో క్యాథలిక్ శరణాలయాలలోని ఈ పిల్లల విషయం కూడా ఉంది. ఆర్థడాక్స్ బిడ్డ క్యాథలిక్ గృహంలో పెరిగితే ఆర్థడాక్స్‌గానే పెరగాలి, అతణ్ణి తన గుడికి తీసుకుపోవాలి అన్న సూత్రాన్ని ఇరువైపులా ఒప్పుకున్నప్పుడే ఇటువంటి చోట పని నడుస్తుంది. మీరడిగిన ‘కలిసి పనిచేయడం’ ఆచరణలో ఈ రూపంలోనే సాధ్యమని నేను అనుకుంటాను: ఒకే కప్పు కింద ఉమ్మడి ప్రార్థన చేయడం కాదు, అవతలివారి బిడ్డను అవతలివారి బిడ్డగానే పెంచి ఇవ్వడం.

ఆ మాటకు కూడా ఒప్పుకోని ఆర్థడాక్స్ వారు ఉన్నారు. వారిలో కొందరు అనాథల సేవలో అందరికన్నా ముందున్నవారే కావడం గమనించాలి. ఉక్రెయిన్‌లో రుమేనియా సరిహద్దు దగ్గరి బాంచెని మఠాధిపతి లోంగిన్ తానే అనాథగా పెరిగినవాడు. హెచ్.ఐ.వి. సోకిన పిల్లలను, అంగవైకల్యం వల్ల కన్నవారు వదిలేసిన పిల్లలను వందల సంఖ్యలో దత్తత తీసుకొని, మోల్నిత్సా గ్రామంలో వారికి ఇల్లు కట్టాడు. 2008లో ఉక్రెయిన్ ప్రభుత్వం అతనికి దేశపు అత్యున్నత పురస్కారం ఇచ్చింది. 2016 ఫిబ్రవరి 12న పోపు ఫ్రాన్సిస్, మాస్కో పేత్రియార్కు కిరిల్ హవానా విమానాశ్రయంలో కలుసుకొని ముప్పై పేరాల ప్రకటన మీద సంతకాలు చేసినప్పుడు, ఆ ప్రకటన మత మార్పిడులను, యూనియేట్ పద్ధతిని కూడా తోసిపుచ్చినప్పటికీ, లోంగిన్ తన ఆరాధనలో కిరిల్ పేరును స్మరించడం మానేశాడు. పోపును కలవడమే విశ్వాస ద్రోహమని అతని లెక్క. అవతల ఉక్రెయిన్ యూనియేట్ల పెద్ద కూడా అదే ప్రకటన తమవారిని నొప్పించిందన్నాడు. దయాగుణం ఉన్నవాడు రాజీ గుణం ఉన్నవాడు కూడా అయి ఉంటాడని మనం ఊరికే అనుకుంటాం.

నేటి రష్యా మఠాల శరణాలయాల గురించి పొడిగా ఒక మాట. మాలోయరస్లావెత్స్ పట్టణంలోని సన్యాసినుల మఠం 1993 నుంచి ‘ఒత్రాద’ పేరుతో బాలికల నివాసం నడుపుతోంది. అటువంటి చోట్ల ఉండే పిల్లలలో చాలామందికి కన్నవారు బతికే ఉంటారు. తాగుడు, మత్తుమందులు, జైలు వారిని పిల్లలకు దూరం చేస్తాయి. మఠపు క్రమశిక్షణ ఆ పిల్లలకు మేలా కాదా అన్నది రష్యాలోనే వాదంలో ఉంది. సన్యాసం తీసుకోని బిడ్డ చేత సన్యాసుల ఉపవాసాలు, దీర్ఘ ప్రార్థనలు చేయించకూడదన్నదే నా అభిప్రాయం. బసీలు నియమం కూడా పిల్లల దినచర్యను పెద్దల దినచర్య నుంచి వేరు చేసే ఉంచింది.

మీ రెండవ ప్రశ్నకు వస్తే, కేరళ ఆర్థడాక్స్ వారు ఈ కుటుంబంలోని వారు కారు. వారు 1054లో కాదు, క్రీస్తు స్వభావం గురించిన వాదంలో 451 నాటి కల్కెదోను మహాసభ దగ్గర విడిపోయిన సిరియా సంప్రదాయం వారు. అయినా వారికీ ఇటువంటి గాయం ఒకటి ఉంది. పెరునాడులో 1919లో బెథనీ ఆశ్రమాన్ని, 1925లో తిరువల్ల దగ్గర స్త్రీల మఠాన్ని నెలకొల్పిన ఆర్థడాక్స్ బిషప్పు మార్ ఇవానియోస్ 1930 సెప్టెంబరు 20న కొల్లంలో క్యాథలిక్ ఐక్యతలో చేరాడు. సీరో–మలంకర క్యాథలిక్ సంఘం అలా పుట్టింది. పెరునాడు ఆశ్రమం ఆర్థడాక్స్ వైపే నిలిచింది కాబట్టి, బెథనీ పేరు గల మఠవాసులు నేటికీ రెండు వైపులా ఉన్నారు. అయినా అక్కడ ఇరుగుపొరుగుతనం వేడిని చల్లార్చింది. 1984లో సిరియా ఆర్థడాక్స్ సంఘపు పెద్ద అయిన అంతియొకయ పేత్రియార్కు మొదటి జక్కా, పోపు రెండవ జాన్ పాల్ చేసిన ప్రకటన ప్రకారం, తమ గురువు అందుబాటులో లేనప్పుడు ఒక సంఘపు విశ్వాసులు మరొక సంఘపు గురువు దగ్గర సత్ప్రసాదం తీసుకోవచ్చు. తూర్పు ఐరోపాలో నేడు ఇది ఊహకు కూడా అందని విషయం. ఈ ఒడంబడిక కేరళలో అంతియొకయ పేత్రియార్కు కింద ఉన్న యాకోబాయ శాఖకే వర్తిస్తుందని, కొట్టాయం కేంద్రంగా ఉన్న మలంకర ఆర్థడాక్స్ శాఖకు వర్తించదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ శాఖ క్రీస్తు స్వభావం గురించిన ఉమ్మడి ప్రకటన వరకే, 1990లో, వచ్చింది.

చివరిగా లెస్నా చిత్రం ఏమయిందని మీకు సందేహం రావచ్చు. సన్యాసినులు 1950లో బెల్‌గ్రేడ్ నుంచి ఫ్రాన్సుకు వెళ్లి, పారిస్ దగ్గరి ఫూర్కోలో కొన్నాళ్లు ఉండి, 1967లో నార్మండీలోని ప్రొవెమోం గ్రామంలో స్థిరపడ్డారు. క్యాథలిక్ దేశంలో, పదుల సంఖ్యకు తగ్గిపోయిన ఆ మఠంలో, 1915లో వెంట తెచ్చుకున్న రాతి చిత్రం ముందు నేటికీ దీపం వెలుగుతోంది. పోలండులోని లెస్నాలో పౌలైన్ సన్యాసుల చర్చిలోనూ ఒక రాతి చిత్రం ఉంది. అసలుది ఎన్నడూ రష్యన్ల చేతికి చిక్కలేదనీ, అది దాగి ఉండి 1927లో తమ చోటికి తిరిగి వచ్చిందనీ వారు చెబుతారు. రెండు చోట్లకూ యాత్రికులు వస్తూనే ఉన్నారు.